నాలుగు గంటల లోపు ఫుల్ మారథాన్: మన నెల్లూరు ఉక్కలో ఎట్టా తయారవ్వాలి?

పెన్నాగట్టు · నెల్లూరు · సెప్టెంబర్ 3

అందరికీ నమస్తే. ముప్పై ఎనిమిదేళ్ళు, బ్యాంకు ఉద్యోగం. పోయిన నెల హైదరాబాద్‌లో ఫుల్ మారథాన్, అంటే 42 కిలోమీటర్ల చిల్లర, పరిగెత్తా. 4:21. మొదటి సగం 1:58కి వచ్చేసింది, రెండో సగానికి 2:23 పట్టింది. ఆ ఫ్లైఓవర్లు ఎక్కీ దిగీ, కేబుల్ బ్రిడ్జి దాటేసరికి తొడలు బిగుసుకుపోయాయి. అక్కణ్ణుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా కాసేపు నడక, కాసేపు పరుగు. అంతకుముందు చెన్నైలో చేసిన 4:19 నా బెస్ట్. ఇంత కష్టపడీ రెండు నిమిషాలు వెనక్కి పోయినట్టు లెక్క.

జనవరిలో మళ్ళీ చెన్నై. ఈసారి నాలుగు గంటల లోపు రావాలని ఉంది. హాఫ్ (సగం మారథాన్, 21 కిలోమీటర్లు) బెస్ట్ 1:52, కాబట్టి మరీ గొంతెమ్మ కోరిక కాదనుకుంటా. ఇప్పుడు చేస్తున్నది ఇదీ: మంగళవారం నుంచి శుక్రవారం దాకా రోజూ ఎనిమిది కిలోమీటర్లు, 5:50 పేస్, అంటే కిలోమీటరుకు ఐదు నిమిషాల యాభై సెకన్లు. ఆదివారం మైపాడు రోడ్డు మీద 18 నుంచి 24, అది కూడా దాదాపు అదే పేస్. సోమ, శని సెలవు. ఇంతకంటే గట్టిగా కొట్టాలంటే నావల్ల కావట్లేదు. ఇంక యాడ బిగించాలో చెప్పండి.

ఒంగోలు గిత్త · ఒంగోలు · సెప్టెంబర్ 3

బ్రదర్, ముందు లెక్క చూద్దాం. నాలుగు గంటలంటే కిలోమీటరుకు 5:41. హాఫ్ టైముని 2.085తో గుణిస్తే ఫుల్ అంచనా వస్తుంది, రీగల్ ఫార్ములా అంటారు దీన్ని. నీ 1:52కి 3:53 చిల్లర వస్తోంది. అంటే వేగానికి లోటు లేదు, ముప్పై దాటాక నిలబడ్డమే రావట్లేదు. ఆ ఫార్ములా ఫుల్‌కి సరిపడా కిలోమీటర్లు కాళ్ళలో ఉన్నోళ్ళకే నిజమవుతుంది. వారానికి యాభై చేసేవాళ్ళకి ఊరికే ఆశపెట్టి వదిలేస్తుంది.

మంగళవారం ట్రాక్ మీద ఎనిమిది వందల మీటర్లు పదిసార్లు కొట్టు. బార్ట్ యాసో పేరు మీద యాసోలు అంటారు. నాలుగు గంటల టార్గెట్ అయితే ఒక్కోటి నాలుగు నిమిషాల్లో, మధ్యలో నాలుగు నిమిషాల జాగింగ్. పది ఆగకుండా పూర్తయితే దగ్గరికొచ్చినట్టే. అది కూడా కాస్త తియ్యటి అంచనానే అనుకో, ఐదారు నిమిషాలు కలుపుకో.

పాత పీటీ మాస్టారు · కావలి · సెప్టెంబర్ 4

అబ్బయ్యా, యాసోలు తర్వాత చూద్దువులే. ముందు నీ పట్టిక నువ్వే ఒకసారి చదువుకో. రేసు పేస్ 5:41. నువ్వు రోజూ పోయేది 5:50. అంటే ఏ రోజూ తేలిక కాదు, ఏ రోజూ నిజంగా కష్టమూ కాదు. రోజూ పరీక్ష రాసే పిల్లకాయ చదువుకునేది ఎప్పుడు?

వాచీ ఇంట్లో పెట్టి పోయి, పరిగెత్తేటప్పుడు పదమూడో ఎక్కం పైకి చెప్పు. నూట ముప్పై దాకా రొప్పకుండా చెప్పగలిగితే అది తేలిక పరుగు. పదమూడు ఆర్లు డెబ్బై ఎనిమిది కాడే గాలి పీల్చుకోవాల్సొస్తే వేగం తగ్గించు. మన ఉక్కలో నీకది 6:40 కావచ్చు, ఏడు నిమిషాలూ కావచ్చు. సిగ్గుపడబాక.

గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోయడం, కండరంలో సన్న రక్తనాళాలు పెరగడం, కొవ్వును ఇంధనంగా కాల్చుకునే అలవాటు రావడం, ఇవన్నీ కాళ్ళ మీద ఎంతసేపు ఉన్నావన్నదాన్ని బట్టి వస్తాయి. ఒంట్లో దాచుకునే చక్కెర సుమారు రెండు వేల క్యాలరీలు. వేగంగా పోయే కొద్దీ అదే ఖర్చవుతుంది, ముప్పై, ముప్పై రెండో కిలోమీటరు కాడ ఖాళీ అవుతుంది. హైదరాబాద్‌లో నువ్వు 1:58కి సగం దాటిన సంబరం ఆడికే సరి. కొవ్వు కాల్చే అలవాటు తేలిక పరుగుల్లోనే వస్తుంది.

వారంలో ఒకటి గట్టిగా, ఒకటి పొడుగ్గా. మిగతావన్నీ ఎక్కాలు చెప్పుకుంటా పోవాలి.

పెన్నాగట్టు · సెప్టెంబర్ 4

మాస్టారూ, దండాలు. కానీ ఏడు నిమిషాల పేస్ అంటే గట్టు మీద వాకింగ్ చేసే పెద్దాయన నన్ను దాటిపోతాడు. స్ట్రావాలో (పరుగులు నమోదు చేసి అందరికీ చూపించే యాప్) మా బ్రాంచి వాళ్ళు ఏమైంది సార్ ఒంట్లో బాలేదా అని అడుగుతారు. పైగా మెల్లగా పరిగెత్తితే మెల్లగా పరిగెత్తడమే కదా వచ్చేది?

ఒంగోలు గిత్త · సెప్టెంబర్ 4

స్ట్రావాలో పెట్టడం ఆపెయ్. సగం జబ్బు అక్కడే.

మాస్టారు చెప్పింది రైటు. నేను 3:58 నుంచి 3:37కి వచ్చింది వారానికి డెబ్బై చేయడం మొదలెట్టాకే. అంతకుముందు నీలాగా అన్నీ ఒకే దెబ్బలో కొట్టేవాణ్ణి, డెబ్బై కాదు గదా, యాభై ఐదు దాటితే పిక్కలు పట్టేసేవి. తేలిక రోజులు నిజంగా తేలికైతేనే కిలోమీటర్లు పెరుగుతాయి.

వాచీలో హార్ట్‌రేట్ చూసుకునేవాళ్ళకి ఒక మాట. 220లోంచి వయసు తీసేసే లెక్క సగటు మాత్రమే. మనిషికీ మనిషికీ పది పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. ఆ లెక్కన జోన్ 2, అంటే తేలిక పరుగు, అని ఆనందపడబాకండి. ఎక్కమే నయం.

రొయ్యల కాపలా · ఇందుకూరుపేట · సెప్టెంబర్ 6

మైపాడు రోడ్డు మీద పరిగెత్తే అన్నలకి ఒక విన్నపం. నేను చెరువుల కాడ రాత్రి డ్యూటీ. ఏరియేటర్లు (నీళ్ళకి గాలి పట్టించే మిషన్లు) తిరుగుతుంటే ఆ హోరులో వెనక వచ్చే బండి మీకు వినపడదు. పట్టుబడి, అంటే రొయ్యలు పట్టే పని, ఉన్న రోజు తెల్లవారుజామున ఐస్ వ్యాన్లు, మేత లారీలు గుడ్డిగా వస్తాయి. చెవుల్లో పాటలు పెట్టుకొని, నల్ల బనీను వేసుకొని, రోడ్డుకి ఎడమ పక్క పోయేవాళ్ళని చూస్తుండా. ఎదురొచ్చే బండి కనపడేలా కుడి పక్కన పోండి, నడుముకి మెరిసే బెల్టు కట్టుకోండి. వంద, నూట యాభైకి దొరుకుతుంది.

ఇంకోటి. నా డ్యూటీ పొద్దున ఆరుకి అయిపోద్ది, అప్పుడే పరిగెత్తి పడుకుంటా. నిద్ర ఐదు గంటలకి తగ్గిన వారం ఎంత చేసినా దండగే. కాళ్ళు కాదు, బుద్ధి పోతుంది. ఎవరూ నిద్ర మాట ఎత్తలేదని రాస్తుండా. నాలుగున్నరకి లేవాలంటే రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ పక్కన పడేయాలి, అంతే.

వేదాయపాళెం అక్క · నెల్లూరు · సెప్టెంబర్ 7

తమ్ముడు చెప్పిన బెల్టు మాట నిజమే. నాకైతే చీకట్లో మైపాడు రోడ్డు కుదరదు, ఇంట్లో ఒప్పుకోరు. వారమంతా స్టేడియంలోనే రౌండ్లు. ఎప్పుడూ ఒకే పక్క తిరిగితే ఎడమ మోకాలి బయట వైపు లాగుతుంది. తేలిక రోజుల్లో జనం లేనప్పుడు రెండో వైపు తిరుగుతా. లోపలి లేన్ వదిలేసి బయట లేన్లో పోతా, మలుపు కాస్త సాఫీగా ఉంటుంది.

అసలు నేను రాద్దామనుకున్నది వేరే. పోయినేడాది నాలుగు నెలలు ఎంత చేసినా పేస్ పెరగలేదు. మెట్లెక్కితే ఆయాసం. హిమోగ్లోబిన్ 12.3, అంతా బాగుందన్నారు. ఒక లేడీ డాక్టర్ ఫెర్రిటిన్ రాసిస్తే తొమ్మిది వచ్చింది. అంటే రక్తంలో ఐరన్ సరిపోతున్నట్టు కనిపిస్తున్నా దాచుకున్న నిల్వ అడుగంటింది. మందులు మొదలుపెట్టాక మూడో నెలకి తేడా తెలిసింది. ఆడవాళ్ళు, మాంసం తిననివాళ్ళు పేస్ ప్లాన్ మార్చేముందు ఫెర్రిటిన్, బి12 చూపించుకోండి. చూపించకుండా ఐరన్ మాత్రలు మింగొద్దు, ఎక్కువైనా ప్రమాదమే. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు మానండి, ఐరన్ ఒంటికి పట్టనివ్వదు. పప్పులో, ఆకుకూరలో నిమ్మకాయ పిండుకోండి.

సముద్రగాలి · కొత్తపట్నం · సెప్టెంబర్ 7

ఇసకలో పరిగెత్తండయ్యా. మా ఊరి బీచ్‌లో పది కిలోమీటర్లు చేస్తే రోడ్డు మీద ఇరవైతో సమానం. షూ ఖర్చు కూడా లేదు.

మందులషాపు · కందుకూరు · సెప్టెంబర్ 8

ఇరవైతో సమానమనే లెక్క ఎవరు వేశారో గానీ, మడమ వెనక నరం తెగేదాకా తెచ్చుకున్నవాళ్ళు మా షాపుకే వస్తారు. మెత్తటి ఇసకలో మడమ లోపలికి దిగిపోతుంది, పిక్క, మడమ నరం రెండూ మామూలు కంటే ఎక్కువ సాగుతాయి. నీళ్ళు తడిపిన గట్టి ఇసక అయితే ఒక పక్కకి వాలు, ఒక కాలు ఎప్పుడూ కిందే. వారానికోసారి పావుగంట ఉత్తకాళ్ళతో సరదాగా పోతే పాదాలకి మంచిదే. అంతకుమించి రేసు పేస్ వస్తుందనుకోవడం భ్రమ.

సముద్రగాలి · సెప్టెంబర్ 8

నాకేం కాలేదు గదా.

మందులషాపు · సెప్టెంబర్ 8

మీకు కాలేదు, సంతోషం. మైపాడు బీచ్‌కి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం చెప్పా.

పెన్నాగట్టు · సెప్టెంబర్ 21

రెండు వారాలుగా మాస్టారి ఎక్కాలే. మొదటివారం చిరాకేసింది, 7:05 చూపించింది వాచీ. నిన్న మాత్రం 6:48లో పదహారు చేసి ఇంటికొచ్చి మామూలుగా ఆఫీసుకి పోయా. ఇదివరకు ఆదివారం మధ్యాహ్నమంతా మంచం మీదే ఉండేవాణ్ణి. మా ఆవిడ ఈ మార్పుకి మాస్టారికి థాంక్స్ చెప్పమంది, ఆదివారం కూరగాయలకి మనిషి దొరికాడని.

ఇప్పుడు నీళ్ళ సంగతి. గంట పరిగెత్తితే బనీను పిండుకోవాల్సి వస్తోంది. ఎంత తాగాలి? జెల్స్ (పరుగులో శక్తికి తినే తీపి ప్యాకెట్లు) ఒక్కోటి నూట ఇరవై, నూట యాభై. ప్రాక్టీసుకి కూడా అవే కొనాలంటే ఈఎంఐ పెట్టాలి.

మందులషాపు · సెప్టెంబర్ 22

తాగడానికి లెక్క ఇంట్లోనే వస్తుంది. పరుగుకి ముందు, తర్వాత బట్టల్లేకుండా తూకం చూసుకోండి. గంటలో కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు. అదంతా తిరిగి తాగాలని లేదు. దాహానికి తగ్గట్టు కొంచెం కొంచెం. రేసు అయ్యాక తూకం పెరిగిందంటే మాత్రం అది ప్రమాదం. ఉత్తనీళ్ళు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి, తికమక. దాన్ని నీళ్ళు తక్కువై అనుకుని ఇంకా తాగిస్తారు.

ఓఆర్ఎస్ గురించి చాలామందికి ఉన్న అపోహ: అది శక్తినిస్తుందని. డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా ప్యాకెట్ లీటరు నీళ్ళకి 20.5 గ్రాములు. అందులో గ్లూకోజు 13.5 గ్రాములే. మీకు రేసులో గంటకి కావలసింది 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం. అంటే ఓఆర్ఎస్ ఉప్పు కోసం, తిండి వేరే ఉండాల్సిందే. పెట్టె మీద ఓఆర్ఎస్‌ని పోలిన పేర్లు చూసి జ్యూస్ కొనుక్కోకండి, ఫార్ములా చదివి తీసుకోండి.

పాత పీటీ మాస్టారు · సెప్టెంబర్ 22

అరటిపండు ఒకటికి పాతిక గ్రాములు. ఇరవై గ్రాముల బెల్లంముక్కకి పద్దెనిమిది, పంతొమ్మిది. మామూలు ఖర్జూరం నాలుగు తింటే పాతిక. గింజ తీసి, పొడుగ్గా చీల్చి, కవర్లో పెట్టుకో. నమిలేటప్పుడు వేగం తగ్గాల్సొస్తుంది, జెల్‌కి ఆ బాధ లేదు, దానికున్న లాభం అదొక్కటే. ప్రాక్టీసుకి ఇవి, చివరి మూడు పొడుగు పరుగులకి రేసు రోజు వాడబోయే జెల్. రేసు నాడు మొదటిసారి నోట్లో పెట్టుకుంటే కడుపు తిరగబడ్డానికి సిద్ధంగా ఉండు.

పొద్దున పరుగుకి ముందు ఏమీ తినకుండా పోయే మొనగాళ్ళు కూడా ఉండారు. తేలిక పరుగుకి పరవాలేదు. పాతిక దాటితే రెండు ఇడ్లీ తిని పో. రాత్రి చేపల పులుసు మిగిలింది గదా అని సద్దన్నంలో కలుపుకొని పోబాక, మైపాడు రోడ్డు మీద చాటు కూడా దొరకదు.

రొయ్యల కాపలా · సెప్టెంబర్ 22

చాటు ఎక్కడుందో నేను చెప్తాలే మాస్టారూ. మా షెడ్డు వెనక తలుపు తీసే ఉంటది.

చీమకుర్తి దుమ్ము · చీమకుర్తి · అక్టోబర్ 5

నాకు వచ్చే ఆగస్టు హైదరాబాద్ ఉంది. మాదగ్గర రోడ్డంతా గ్రానైట్ టిప్పర్లే, అందుకే ట్రెడ్‌మిల్ మీదే ఎక్కువ. పెన్నాగట్టు అన్నకి తొడలు పట్టేశాయన్నారు, ఎక్కుడు వల్లా దిగుడు వల్లా?

ఒంగోలు గిత్త · అక్టోబర్ 5

అందరూ ఎక్కుడు అనుకుంటారు. చంపేది దిగుడే. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, పైకి రాగానే తగ్గుతుంది. దిగేటప్పుడు తొడ ముందు కండరం ఒక పక్క సాగుతూనే ఇంకో పక్క బిగబట్టి ఒంటి బరువుని ఆపాలి. ఆ పనిలో కండరం పోగులు సన్నగా చిట్లుతాయి, రెండు రోజుల తర్వాత మెట్లు దిగలేకపోయేది అందుకే. మన కోస్తా వాళ్ళం పుట్టి బుద్ధెరిగాక ఎత్తు ఎరగం, ఆ దెబ్బ మనకి కొత్త.

అదృష్టం ఏందంటే, ఒకసారి తగిలిన కండరం మళ్ళీసారికి కొన్ని వారాల పాటు తట్టుకుంటుంది. అందుకే రేసుకి మూడు నాలుగు వారాల ముందు కావాలని దిగుడు పరుగులు చెయ్యాలి. నెల్లూరోళ్ళకి నరసింహకొండ ఉంది. ఎక్కేటప్పుడు నడిచినా ఫరవాలేదు, దిగేటప్పుడు చిన్న చిన్న అడుగులతో పరిగెత్తు. ట్రెడ్‌మిల్ ఎక్కుడుకి పనికొస్తుంది గానీ చాలావాటికి దిగుడు ఉండదు. గుంజీళ్ళు తియ్యి, కిందికి పోయేటప్పుడు మెల్లగా, నాలుగు అంకెలు లెక్కపెట్టుకుంటూ.

పెన్నాగట్టు · నవంబర్ 14

వాయుగుండం పుణ్యమా అని వారం నుంచి ఇల్లు కదలలేదు. మా వీధిలో మోకాళ్ళ లోతు. ఆదివారం ముప్పై ఉంది, పోయింది. రేసుకి ఎనిమిది వారాలు కూడా లేదు. వచ్చే ఆదివారం దీన్నీ కలిపి కొట్టాలా?

పాత పీటీ మాస్టారు · నవంబర్ 14

కొట్టబాక. పోయింది పోయింది. వారం రోజుల్లో నీ ఒళ్ళు మర్చిపోయేదేమీ లేదు. బాకీ తీర్చబోయి పిక్క పట్టించుకున్నవాళ్ళు ప్రతి జనవరిలో కనపడతారు. మనకి అక్టోబర్, నవంబర్ వానలు తెలిసిన సంగతేగా, ప్లాన్‌లో రెండు వారాలు ముందే ఖాళీ పెట్టుకోవాలి. 2021 నవంబర్‌లో పెన్నా పొంగి పడుగుపాడు కాడ రైలుకట్టే కొట్టుకుపోయింది, హైవే తెగింది. ఆ వారం పరుగు గురించి ఎవరు ఆలోచించారు?

ఇంట్లో మెట్లుంటే అరగంట ఎక్కి దిగు. పిక్కల కోసం మెట్టు అంచు మీద మునివేళ్ళ మీద లేవడం, మోకాలు నిటారుగా కొన్ని, వంచి కొన్ని. నీళ్ళల్లో మాత్రం పరిగెత్తబాక, మూత తీసిన మ్యాన్‌హోల్ కనపడదు.

సముద్రగాలి · నవంబర్ 20

పొడుగు పరుగు ఎంత దాకా పోవాలన్నది తేల్చండి. నేను 38 దాకా పోతా. 42 పరిగెత్తబోయేవాడు 30కే ఆగితే ఎట్టా?

మందులషాపు · నవంబర్ 20

రెండు గంటల పది నిమిషాల్లో ముగించేవాళ్ళకి 38 అంటే రెండున్నర గంటల ప్రాక్టీసు. మనకి నాలుగు గంటలు. ఆ దెబ్బ నుంచి తేరుకోడానికి పది రోజులు, ఈలోపు ఆ వారం గట్టి పరుగు పోయె, తర్వాత వారమూ పోయె. 32, లేదా మూడుంపావు గంటలు, ఏది ముందొస్తే అక్కడ ఆపేయండి.

ఒంగోలు గిత్త · నవంబర్ 20

నేను 35 ఒక్కటే చేస్తా, ధైర్యం కోసం. ఒంటికి లాభమని వాదించను.

నాకు బాగా పనిచేసింది వేరే. 28 పెట్టుకొని మొదటి 16 ఎక్కాల వేగం, చివరి 12 రేసు పేస్. అలసిన కాళ్ళతో 5:41 ఎలా ఉంటుందో తెలియాలి. పెన్నాగట్టు, డిసెంబర్ మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి చెయ్యి. తర్వాత మూడు వారాలు దూరం తగ్గించుకుంటా పో. తగ్గించేది దూరమే, వేగం ఉంచు.

సముద్రగాలి · నవంబర్ 20

38 చేసి 3:52 వచ్చినోడి మాట ఎవరికీ ఎక్కదు. సరే కానియ్యండి.

వేదాయపాళెం అక్క · నవంబర్ 21

ఎక్కదని కాదు అన్నయ్యా. మీరు వారానికి తొంభై చేస్తారు. ఆ తొంభైలో 38 ఒక భాగం. యాభై ఐదు చేసేవాళ్ళకి 38 అంటే ఆ వారం మొత్తం అదే.

పెన్నాగట్టు · డిసెంబర్ 17

నిన్న 28లో చివరి 12 సగటు 5:39. నమ్మలేకపోతున్నా. 22 డిగ్రీలు, పొగమంచు, మైపాడు రోడ్డు మీద ఎదురుగాలి లేదు. సెప్టెంబర్‌లో 27 డిగ్రీల ఉక్కలో ఇదే రోడ్డు మీద 5:55కి నాలుక బయటికొచ్చేది.

కార్బన్ ప్లేటు షూ కొనమంటారా? పదిహేను, ఇరవై వేలు చెప్తున్నారు.

చీమకుర్తి దుమ్ము · డిసెంబర్ 17

కొను అన్నా. తేడా తెలుస్తుంది.

పాత పీటీ మాస్టారు · డిసెంబర్ 17

శివనాథ్ సింగ్ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో పదకొండో స్థానంలో వచ్చాడు, 1978లో జలంధర్‌లో 2:12:00 పరిగెత్తాడు. నలభై ఏళ్ళకి పైగా మన దేశంలో ఆ టైము చెక్కుచెదరకుండా నిలిచింది. ఆయన ఉత్తకాళ్ళతో పరిగెత్తిన రేసులు ఎన్నో. నేను షూ వద్దనను, డబ్బుంటే కొనుక్కో. కానీ రేసుకి మూడు వారాల ముందు కొత్త షూ అంటే పిక్కకి కొత్త పని. రెండు పరుగులన్నా చేసి, వేళ్ళు బొబ్బలెక్కలేదని చూసుకున్నాకే వేసుకో.

ఉక్క గురించి సరిగ్గా పట్టుకున్నావు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. రక్తం సగం చర్మానికి, సగం కాళ్ళకి పంచుకోవాల్సొస్తుంది. ఎండాకాలం నుంచి దాన్ని భరించినోళ్ళకి రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చల్లటి రోజున అదంతా లాభంగా తేలుతుంది. మే నెల పెన్నా గట్టు మీద పరిగెత్తిన కిలోమీటర్లు యాడికీ పోలా.

ఒంగోలు గిత్త · జనవరి 2

పెన్నాగట్టుకి రేసు రోజు నాలుగు మాటలు.

వాచీ దూరం 42.195 చూపించదు, 42.5 పైనే చూపిస్తుంది. కొలిచేవాళ్ళు మలుపుల్లో అతి దగ్గరి దారి కొలుస్తారు, మనం జనంలో అటూ ఇటూ పోతాం. అందుకే వాచీ పేస్ 5:41 ఉంటే నాలుగు గంటలు దాటిపోతావు, 5:37, 5:38 చూపించాలి. బిల్డింగుల మధ్య అది కూడా తప్పు చెప్తుంది, కిలోమీటరు బోర్డుల దగ్గర గడిచిన టైము చూసుకో.

మొదటి ఐదు కిలోమీటర్లు నీకు చాలా మెల్లగా ఉందనిపించాలి. కెన్యా రన్నర్ కెల్విన్ కిప్తుమ్ 2023లో షికాగోలో 2:00:35 ప్రపంచ రికార్డు కొట్టినప్పుడు మొదటి సగం 60:48, రెండో సగం 59:47. నువ్వు మొదటి సగం 1:58కి పోతే నేను వచ్చి పట్టుకుంటా.

చంకల్లో, తొడల మధ్య వాజిలిన్. మగవాళ్ళు ఛాతీకి టేప్ మర్చిపోవద్దు, బనీను ఒరుసుకుని రక్తమొచ్చి ఫొటోలో ఎర్రగా రెండు గీతలు పడతాయి.

పెన్నాగట్టు · జనవరి రెండో వారం

4:03:40.

మొదటి సగం 2:00:50, రెండో సగం 2:02:50. నా బెస్ట్ మీద పదిహేను నిమిషాలు తగ్గింది, నాలుగు మాత్రం దాటలేకపోయా. నడవలేదు, ఒక్క అడుగు కూడా. 34 దాటాక తెల్లారిపోయి తేమ పట్టుకుంది, 5:40 నుంచి 5:55కి జారింది, మళ్ళీ ఎక్కలేదు. ఖర్జూరాలు జేబులో అట్టకట్టుకుపోయి ఒకదానికొకటి అంటుకున్నాయి, గోరుతో విడదీసుకుంటూ పోవాల్సొచ్చింది. జెల్స్ మూడూ కడుపు ఒప్పుకుంది.

ఇంటికొచ్చి మూడు రోజులవుతోంది, మెట్లు మామూలుగా దిగుతున్నా. పోయినసారి వెనక్కి తిరిగి దిగేవాణ్ణి. అందుకే ఒక పిచ్చి ఆలోచన. ఫిబ్రవరి చివర ఢిల్లీ ఉంది. ఆరు వారాలు. కుదురుతుందా?

వేదాయపాళెం అక్క · అదే రోజు

పిచ్చి కాదు. నేను 4:08 నుంచి 3:56కి వచ్చింది ఢిల్లీలోనే. సమతలం, పొద్దున చలి. మన ఒళ్ళు కోస్తాలో చెన్నైకి ఇచ్చిన 4:03 ఆ చలిలో నాలుగు లోపే. చెన్నై దగ్గర, రైల్లో మూడు గంటలు, అందుకని అందరం అక్కడికే పోతాం. బెస్ట్ టైము కావాలంటే ఊరు దగ్గరా దూరమా అని కాక, రేసు రోజు పొద్దున ఎన్ని డిగ్రీలుంటుందో చూసుకొని రేసు ఎంచుకోవాలి. ఇది ఇంకా ముందే చెప్పాల్సింది నీకు.

మందులషాపు · అదే రోజు

మెట్లు దిగగలిగినంత మాత్రాన లోపల మానినట్టు కాదు. ఈ రెండు వారాల్లో జలుబు, గొంతునొప్పి ఏమొచ్చినా ఢిల్లీ మర్చిపోండి.

పాత పీటీ మాస్టారు · మర్నాడు

రెండు వారాలు ఎక్కాలు కూడా అక్కర్లేదు, నడక, ఈత, ఇష్టమైతే అరగంట పరుగు. మూడు, నాలుగు వారాల్లో పని: ఒక్క 24, అందులో పది రేసు పేస్. వారం మధ్యలో ఒక గట్టి పరుగు. చివరి రెండు వారాలు తగ్గించు. కొత్తగా బలం తెచ్చుకునే టైము లేదు, ఉన్నది కాపాడుకోవడమే. మొదటి సగం 1:59:30. అంతకంటే ఒక్క సెకను ముందు వస్తే నాకు చెప్పబాక.

రొయ్యల కాపలా · రెండు రోజుల తర్వాత

నేనూ ఢిల్లీకి పేరిచ్చా అన్నా, పట్టుబడి డబ్బులొచ్చాయి. జీటీ ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ వెయిటింగ్ 41. రెండు రాత్రుళ్ళు రైలు గదా, రేసుకి ఒక రోజు ముందు దిగితే చాలా? ఇంకోటి, చలికి ఏం వేసుకోవాలి? నా దగ్గర స్వెట్టర్ అనేదే లేదు.

వేదాయపాళెం అక్క · అదే రోజు

రెండు రోజుల ముందు దిగు. ఒక రోజు కాళ్ళు రైలు బిగువు వదలాలి. వెయిటింగ్ 41 నమ్ముకోవద్దు, విజయవాడ నుంచి ఇంకో బండి కూడా చూసిపెట్టుకో.

స్వెట్టర్ కొనొద్దు. ఇంట్లో పారేద్దామనుకున్న పాత ఫుల్ చేతుల చొక్కా ఒకటి బనీను మీద వేసుకుని స్టార్ట్ దాకా పో, రెండో కిలోమీటరులో తీసి పక్కన పడేయ్. చేతులకి పాత సాక్సులు తొడుక్కో, ఒళ్ళు వేడెక్కాక అవీ తీసేయ్. జెల్ మూత మాత్రం ముందే కాస్త వదులు చేసి పెట్టుకో, చలికి వేళ్ళు వంగవు.